చీమూ నెత్తురూ: చీము పౌరుషానికి గుర్తు ఎలా అయింది?

ప్రశ్న (తెలుగు టీచర్, ఏలూరు)

అందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతిలో జాతీయాలు చెబుతుంటే "నీకు చీమూ నెత్తురూ లేవా?" అన్నది వచ్చింది. రోషం, పౌరుషం, ఎవరైనా అవమానిస్తే ఊరుకోకపోవడం అని అర్థం చెప్పాను. ఒక అమ్మాయి లేచి, "నెత్తురు ఉండటం సరే టీచర్, చీము ఉండటం గొప్పేమిటి? అది జబ్బు కదా?" అని అడిగింది. వెనక బెంచీలో ఇద్దరు అది చీమ అనుకుంటున్నారని కూడా అప్పుడే తెలిసింది. చీమ సంగతి సర్దిచెప్పాను గానీ ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన జవాబు నా దగ్గర లేదు. నా దగ్గరున్న నిఘంటువులో అర్థం ఉంది, కారణం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. రేపు ఆ పిల్లకి జవాబు చెప్పాలి.

జవాబు (కాకినాడ)

ఇందులో పెద్ద రహస్యం లేదనుకుంటానండీ. శరీరంలో ఉండే సరుకు పేర్లు చెప్పి "నువ్వు మనిషివేనా?" అని అడగడమే. సంస్కృతంలో రక్తమాంసాలు అంటాం, తెలుగులో చీమూ నెత్తురూ అన్నాం. వైరాగ్యం చెప్పే పద్యాల్లో, తత్త్వాల్లో ఈ ఒంటిని వర్ణించేటప్పుడు ఎముకలు, తోలు, చీము, నెత్తురు అన్నీ వరసగా వస్తాయి. అక్కడి నుంచే వాడుకలోకి దిగి ఉంటుంది.

జవాబు (చెన్నై)

కారణం సంగతి తరవాత, ముందు మాట గురించి చెబుతాను. రెండూ అచ్చమైన ద్రావిడ పదాలు. చీముని కన్నడంలో కీవు అంటారు, తమిళంలో చీ, చీళ్. తెలుగులో మొదటి చకారం పాత కకారం నుంచి వచ్చింది. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు మనకు ఆ మార్పు జరిగింది, కన్నడం పాత ధ్వనిని నిలుపుకుంది. మన చెవి వాళ్ళకి కివి, మన చెడు వాళ్ళకి కెడు. నెత్తురు కన్నడంలో నెత్తరు. పాత తమిళంలో నెయ్త్తోర్ ఉంది, ఇప్పుడు వాడరు. టీచర్ గారూ, చీమకీ దీనికీ చుట్టరికం లేదని పిల్లలకి ధైర్యంగా చెప్పండి.

ఇంకోటి. ఇక్కడ తమిళులు తిట్టేటప్పుడు "సూడు సొరణై ఇల్లైయా?" అంటారు. సూడు అంటే వేడి, సొరణై అంటే స్పృహ, తగిలింది తెలియడం. మన జాతీయం వాడే చోటే వాడతారు. వాళ్ళు వేడిని ఎంచుకున్నారు, మనం చీముని ఎంచుకున్నాం.

జవాబు (పాథాలజీ డాక్టర్, హైదరాబాద్)

కాకినాడ వారి మాట కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఒక సందేహం ఉంది. ఒంట్లోని సరుకే లెక్కయితే ఎముక, కండ, తోలు కూడా వచ్చి ఉండాలి. "నీకు కండా ఎముకా లేవా?" అని రోషం గురించి ఎవరూ అడగరు. పైగా చీము మామూలు ఒంట్లో ఉండదు, దెబ్బ తగిలి అందులో సూక్ష్మజీవి చేరితేనే పుడుతుంది. వైరాగ్య పద్యాల్లో చీము అసహ్యానికి వస్తుంది, ఈ జాతీయంలో గౌరవానికి వస్తుంది. ఈ రెండో వాడుకకి వేరే మూలం ఉండాలని నా నమ్మకం. సాహిత్య ఆధారం చూపలేను, నా వృత్తిలో రోజూ చూసే దాన్నిబట్టి చెబుతున్నాను.

చీము అంటే ఏమిటో ముందు చూద్దాం. పొలంలో పనిచేసేవాడి కాలికి తుమ్మముల్లు దిగిందనుకోండి. ముల్లుతో పాటు బాక్టీరియా లోపలికి వెళ్తుంది. చర్మం కింద కాపురం ఉండే మాక్రోఫేజ్ అనే కణాలు దాన్ని గుర్తుపడతాయి. అదే మొదటి విశేషం. ఫలానా బాక్టీరియా అని వాటికి తెలియదు. బాక్టీరియా జాతికంతా ఉండి మన ఒంటికి లేని కొన్ని పదార్థాలున్నాయి, వాటి గోడల్లో ఉండేవి. ఆ పదార్థాలు తగిలితే పట్టుకునే గ్రాహకాలు ఈ కణాల మీద పుట్టుకతోనే ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి టోల్ గ్రాహకాలు. ఈగల్లో ఫంగస్‌ని ఎదుర్కొనేది టోల్ అనే జన్యువేనని 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపింది. 1998లో బ్రూస్ బాయిట్లర్ ఎలుకల్లో దానికి సాటి అయిన గ్రాహకాన్ని పట్టుకున్నాడు. ఇద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది.

గుర్తుపట్టిన మాక్రోఫేజ్ ఊరుకోదు, రసాయనాలు వదులుతుంది. చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది. నాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది, అది వాపు. నరాల కొసలు రేగుతాయి, అది సలుపు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే ఈ నాలుగింటినీ దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే రోమ్‌లో సెల్సస్ రాసిపెట్టాడు. చెన్నై వారు చెప్పిన సూడు ఈ నాలుగింటిలో ఒకటి కావడం నాకు చాలా నచ్చింది.

ఇక నెత్తురు వంతు. నెత్తుట్లో తెల్లకణాలున్నాయి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్ అనేవే. ఎముక మూలుగ రోజుకి సుమారు పదివేల కోట్లు తయారుచేస్తుంది. నాళంలో వేగంగా పోతున్న న్యూట్రోఫిల్ ఈ రసాయనాల కబురు అందిన చోట గోడకి తగిలి దొర్లుతూ నెమ్మదిస్తుంది, గట్టిగా అతుక్కుంటుంది, గోడ కణాల సందులోంచి ఒళ్ళు సన్నం చేసుకుని బయటికి వస్తుంది. వచ్చి బాక్టీరియాని మింగుతుంది, లోపల విషం లాంటి రసాయనాలతో చంపుతుంది, తానూ చస్తుంది. చచ్చిన న్యూట్రోఫిళ్ళు, చచ్చిన బాక్టీరియా, కరిగిన కండ కలిసిన ముద్దే చీము. చీములో కనిపించే పచ్చదనం కూడా న్యూట్రోఫిల్‌లోని ఒక ఎంజైముదే, మైలోపెరాక్సిడేజ్ అంటారు.

అంటే చీము శత్రువు తెచ్చిన సరుకు కాదు. అందులో ఎక్కువ భాగం మన నెత్తుట్లోంచి వచ్చినదే. మన పెద్దవాళ్ళు చీమునీ నెత్తురునీ జంటగా పలకడం ఎంత సబబో ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద చూసినవాళ్ళకి తెలుస్తుంది.

ముల్లు గురించి ఒక చరిత్ర కూడా ఉంది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త సముద్రతార పిల్లల్లో గులాబీ ముళ్ళు గుచ్చాడు. అవి పారదర్శకంగా ఉంటాయి, లోపల జరిగేది కనిపిస్తుంది. తెల్లారేసరికి కదిలే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. సముద్రతారకి నెత్తురు నాళాలు లేవు, అయినా కణాలు వచ్చాయి. కాబట్టి దెబ్బ దగ్గరికి కణాలు రావడం ఒంటి జవాబు అని ఆయన వాదించాడు. అప్పటికి చాలామంది వైద్యులు చీము కణాలు రోగాన్ని ఒళ్ళంతా మోసుకుపోతాయని భయపడేవారు. ఆయనకి 1908లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు టీచర్ గారి విద్యార్థినికి నా జవాబు. శవపరీక్షలో గాయం చూసినప్పుడు అది బతికుండగా తగిలిందా, చచ్చాక తగిలిందా అని తేల్చాల్సి వస్తుంది. చూసేవాటిలో ముఖ్యమైనవి రెండు: కండలోకి నెత్తురు ఇంకిందా, గాయం అంచుల్లోకి న్యూట్రోఫిళ్ళు వచ్చాయా. ప్రాణం ఉన్న ఒంట్లో గాయమైన కొన్ని గంటల్లో అవి రావడం మొదలవుతుంది. గుండె ఆగాక తగిలిన గాయానికి అవి రావు. శవం కుళ్ళుతుంది, శవానికి చీము పట్టదు. పొడిస్తే నెత్తురు చిందడం, పొడిచిన చోట చీము పట్టడం, రెండూ బతికున్న ఒంటి లక్షణాలు. "చీమూ నెత్తురూ లేవా?" అంటే "పొడిచినా జవాబివ్వని శవానివా?" అని అడుగుతున్నట్టు నాకు వినిపిస్తుంది. దున్నేవాళ్ళు, గొడ్లని సాకేవాళ్ళు, శవాలు మోసినవాళ్ళు ఈ తేడా కళ్ళారా చూసే ఉంటారు.

టీచర్

డాక్టరు గారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. రేపు క్లాసులో ఇదే చెబుతాను. కానీ ఆ పిల్ల వెంటనే ఇంకోటి అడుగుతుంది, నాకు తెలుసు. నిజంగానే చీము పట్టని మనుషులు ఉంటారా?

డాక్టర్

ఉంటారు. వాళ్ళ పరిస్థితి తెలిస్తే ఈ జాతీయాన్ని తేలిగ్గా పలకలేం.

పుట్టుకతో వచ్చే ఒక అరుదైన లోపం ఉంది. న్యూట్రోఫిళ్ళు నాళం గోడకి గట్టిగా అతుక్కోవడానికి వాడుకునే ప్రోటీన్ సరిగ్గా తయారుకాదు. నెత్తురు పరీక్షలో తెల్లకణాలు తక్కువ ఉండవు, మామూలు కంటే చాలా ఎక్కువ ఉంటాయి. నాళం దాటలేక నెత్తుట్లోనే తిరుగుతుంటాయి. పుండు పడుతుంది, కండ చచ్చుబడుతుంది, చీము మాత్రం ఉండదు. నెత్తురు ఉంది, చీము లేదు. ఈ పిల్లల్లో మొదట కనిపించే గుర్తుల్లో ఒకటి బొడ్డు ఊడకపోవడం. మామూలుగా వారం, రెండు వారాల్లో ఊడే బొడ్డు, నెల దాటినా అలాగే ఉంటుంది, చుట్టూ ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఎందుకంటే ఆ ఎండిన ముక్కని ఒంటి నుంచి విడదీసే పనిలో కూడా న్యూట్రోఫిళ్ళ చెయ్యి ఉంది. తీవ్రమైన రకానికి మూలుగ మార్పిడే దారి. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బు ఇది. రక్తసంబంధీకుల పెళ్ళిళ్ళలో ఇలాంటి జబ్బులకి అవకాశం పెరుగుతుంది, మన దగ్గర మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను. బొడ్డు మూడు, నాలుగు వారాలైనా ఊడకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించండి. చాలాసార్లు ఏమీ ఉండదు, అయినా చూపించండి.

మనకి ఎక్కువగా ఎదురయ్యేది వేరే సందర్భం. కాన్సర్‌కి కీమో తీసుకుంటున్నవాళ్ళకి ఒకటి రెండు వారాల్లో న్యూట్రోఫిళ్ళు బాగా పడిపోతాయి. అప్పుడు ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఎరుపు, వాపు, చీము పెద్దగా కనిపించవు. 101 డిగ్రీల జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు. "పుండు లేదు, చీము లేదు, వట్టి జ్వరమేగా" అని ఇంట్లో ఆగకూడదు, అదే రాత్రి ఆస్పత్రికి పోవాలి.

జవాబు (కాకినాడ)

నా వాదన వెనక్కి తీసుకోవడం లేదు గానీ, శవం మాట బలంగా ఉందండీ. ఒక చిన్న సంగతి కలుపుతాను. ఈ జాతీయం ఎక్కువగా లేవా, ఉంటే, లేనివాడు అనే రూపాల్లోనే వినిపిస్తుంది. "మావాడికి చీమూ నెత్తురూ బాగా ఉన్నాయి" అని మెచ్చుకోలుగా అనడం అరుదు. బతికినవాడికి ఉండి తీరాల్సినదాన్ని లేదంటేనే తిట్టు అవుతుంది. ఈ సాక్ష్యం డాక్టరు గారి వైపే వెళ్తోంది.

జవాబు (నర్సు, అనంతపురం)

మా పక్క ఇంకో మాట ఉంది, దాని గురించి కూడా చెప్పండి సార్. కాల్లో ముల్లిరిగితే రెండు మూడు రోజులకి "గజ్జల్లో బిళ్ల కట్టింది" అంటారు. చేతికైతే చంకలో. పుండు ఒక చోట, బిళ్ల ఇంకో చోట ఎందుకు వస్తుందని చాలామంది భయపడి అడుగుతారు. గడ్డ పండింది, ఇంకా పండలేదు అని కూడా అంటారు. పండకముందే పిండేసి మీదికి తెచ్చుకునేవాళ్ళని ఎంతమందినో చూశాను.

డాక్టర్

ఇది చీము కంటే గొప్ప మాట సిస్టర్. చీము మొదటి రకం జవాబు, పుట్టుకతో వచ్చినది, ఎవరు వచ్చినా ఒకేలా ఉంటుంది. బిళ్ల రెండో రకం జవాబుకి ఆనవాలు. ముల్లు దిగిన చోట డెండ్రిటిక్ కణాలని ఉంటాయి. వాటిని 1973లో రాల్ఫ్ స్టైన్‌మన్ వివరించాడు. 2011 నోబెల్‌లో ఆయనకీ వాటా ఉంది, ప్రకటన రావడానికి మూడు రోజుల ముందే చనిపోయాడు. ఈ కణాలు బాక్టీరియా ముక్కల్ని పట్టుకుని లింఫు నాళాల్లో, అంటే కండలో ఊరిన నీటిని వెనక్కి తీసుకుపోయే సన్నని గొట్టాల్లో, ప్రయాణం చేసి దగ్గరి లింఫు గ్రంథికి చేరతాయి. కాలికి ఆ గ్రంథులు గజ్జల్లో ఉన్నాయి, చేతికి చంకలో. అక్కడ టి కణాలు, బి కణాలు అనే ఇంకో రకం తెల్లకణాలు కోట్లలో ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో ఆకారాన్నే గుర్తుపడుతుంది. తెచ్చిన ముక్క ఏ కొద్ది కణాలకి సరిపోతుందో అవి మాత్రమే విడిపోయి విడిపోయి వేలూ లక్షలూ అవుతాయి. గ్రంథి ఉబ్బుతుంది. చేతికి తగిలే ఆ బిళ్ల అదే. వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి మిగిలిపోతాయి, అదే బాక్టీరియా మళ్ళీ వస్తే ఈసారి ఆలస్యం ఉండదు. టీకా వేసిన చేతి వైపు చంకలో బిళ్ల తగిలేది కూడా ఇందుకే.

గడ్డ పండటం కూడా సరైన పరిశీలనే. మొదట గట్టిగా ఉన్న వాపు మధ్యలో కండ కరిగి చీము చేరి మెత్తబడుతుంది, చుట్టూ గోడ కడుతుంది. పండిన చీముగడ్డ లోపలికి మందు సరిగ్గా చేరదు, అందుకే సర్జన్ కోసి చీము తీస్తాడు. పచ్చిగా ఉన్నప్పుడు పిండితే గోడ తెగి బాక్టీరియా చుట్టుపక్కలకి పాకుతుంది. ముక్కు మీద, పై పెదవి మీద వచ్చిన గడ్డని అసలు ముట్టుకోవద్దు, అక్కడి సిరలకి మెదడు దగ్గరి సిరలతో దారి ఉంది.

గజ్జల్లో బిళ్ల పుండు మానాక రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. దాన్ని నలపొద్దు, కాపడం పెట్టి రుద్దొద్దు, కాలి పుండు సంగతి చూడండి. పుండు ఏదీ లేకుండా బిళ్ల వచ్చినా, నొప్పి లేకుండా రాయిలా గట్టిగా ఉన్నా, నెల దాటినా తగ్గకపోయినా పరీక్ష చేయించాలి. షుగర్ ఉన్నవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. కాలి నరాలు దెబ్బతిని ఉంటే నొప్పి తెలియదు, షుగర్ ఎక్కువగా ఉంటే న్యూట్రోఫిళ్ళు చురుగ్గా పనిచెయ్యవు. కాబట్టి నొప్పి కోసం, చీము కోసం చూడకుండా రోజూ రాత్రి అరికాళ్ళు వెలుతుర్లో పెట్టి చూసుకోమని మీ దగ్గరికి వచ్చేవాళ్ళకి చెప్పండి.