హైదరాబాద్ నుంచి విశాఖకు సామాను తరలింపు: ప్యాకర్స్‌తో ఒప్పుకునే ముందు ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న (కూకట్‌పల్లి వాసి):
శ్రావణంలో మంచి రోజు చూసుకుని, అమ్మను వెంటబెట్టుకుని విశాఖ మధురవాడకు మారుతున్నాము. రెండు పడకగదుల సామానుకు ముగ్గురు ప్యాకర్స్‌ను అడిగితే, ఒకరు ఇంటికి వచ్చి అటకలతో సహా చూసి రేటు చెప్పారు. మిగిలిన ఇద్దరు ఫోన్‌లోనే, దానికంటే చాలా తక్కువకు ఒప్పుకున్నారు. డబ్బు కలిసి వస్తుందన్న ఆశ ఉన్నా, అమ్మమ్మ నాటి టేకు భోషాణం, అమ్మ ఈ వేసవిలో పెట్టిన రెండు జాడీల ఆవకాయ ఎలా చేరతాయోనని దిగులుగా ఉంది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (రెండేళ్ల క్రితం ఇల్లు మారినవారు):
ఫోన్‌లో చెప్పిన రేటును నమ్మి నేను నష్టపోయాను. సామానంతా లారీకి ఎక్కించాక, అటక మీది పెట్టెలు లెక్కలో లేవని, మెట్ల మీదుగా దించినందుకు కూలి వేరుగా ఇవ్వాలని పేచీ పెట్టారు. సామాను వారి చేతిలో ఉన్నప్పుడు బేరమాడే వీలు మనకు ఉండదు. అందుకే ఇంటికి వచ్చి చూసినవారితోనే మాట్లాడండి. ప్యాకింగ్, ఎత్తుడు దింపుడు కూలీ, అంతస్తు, జీఎస్టీ, బీమా అన్నీ ఆ రేటులోనే ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. లారీ మీ ఒక్కరి సామానుకేనా అన్నది కూడా తప్పక అడగండి. ఇతరుల సామానుతో కలిపి పంపితే దారిలో గోదాములో దించి మళ్లీ ఎక్కించవచ్చు, చేతులు మారిన కొద్దీ దెబ్బలు పెరుగుతాయి.

మీది ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషీన్ అయితే, కొన్నప్పుడు వెనకవైపు నుంచి విప్పి ఇచ్చిన పొడవాటి బోల్టులను ఇప్పుడే వెతికి పెట్టుకోండి. ప్రయాణంలో డ్రమ్ము ఊగకుండా పట్టి ఉంచేవి అవే. మాకు అవి దొరకలేదు. కొత్త ఇంట్లో మొదటిసారి నడిపినప్పుడు డ్రమ్ము కొట్టుకునే చప్పుడు పక్క వాటాకు కూడా వినిపించింది.

జవాబు 2 (రవాణా రంగంలో పనిచేసేవారు):
భోషాణానికి నాలుగు వైపులా, మూత తెరిచి లోపల, కాళ్ల దగ్గర ఫోటోలు తీసి, ఇప్పటికే ఉన్న గీతలను సామాను జాబితాలో ఒక్కొక్కటిగా రాయించండి. జాబితాలో "పాతది" అని ఒక్క మాట రాసి వదిలేస్తే, దారిలో పడిన పగులు కూడా పాతదే అవుతుంది. రోడ్డు రవాణాకు సంబంధించిన 2007 నాటి చట్టం ప్రకారం, సరుకు విలువను ముందుగా ప్రకటించకపోతే రవాణాదారు ఇచ్చే పరిహారానికి పరిమితి ఉంటుంది. కాబట్టి కొంత ఎక్కువ చెల్లించవలసి వచ్చినా, విలువైన వస్తువుల ధరను గూడ్స్ రసీదులో నమోదు చేయించాలి. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజులలోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే దావా వేసే హక్కు పోతుంది. బీమా పేరుతో సొమ్ము తీసుకుంటే, బీమా సంస్థ ఇచ్చిన పత్రం చూపమని అడగండి. దించిన తరువాత పెట్టెలు లెక్కపెట్టి, కనిపించిన దెబ్బలను రసీదు మీదే రాసి, ఆ తరువాతే సంతకం చేయండి. పేచీ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

జవాబు 3 (గృహిణి, విశాఖపట్నం):
బాబూ, ఆవకాయను మాత్రం లారీకి అప్పగించవద్దు. తడి తగలకుండా బిగుతు మూత ఉన్న డబ్బాల్లోకి తీసి, పైన నూనె తేలేలా చూసి, మూత కింద పాలిథీన్ కాగితం వేసి మీ వెంటే తెచ్చుకోండి. ఖాళీ జాడీలను కడిగి ఎండబెట్టి, లోపల పాత చీరలు కుక్కి, పైన దుప్పటి చుట్టి పంపితే పగలవు.

ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి, మంచు కరిగించి తుడవండి; ఇక్కడికి వచ్చాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి, ఆ తరువాతే ఆన్ చేయండి. గ్యాస్ సిలిండర్‌ను లారీలో పెట్టకూడదు. రెగ్యులేటర్‌తో సహా ఏజెన్సీలో అప్పగించి, డిపాజిట్ సొమ్ముతో పాటు వారిచ్చే వోచర్‌ను భద్రంగా తీసుకోండి, కొత్త కనెక్షన్‌కు అది చూపించాలి. ఆ కనెక్షన్ గృహప్రవేశం నాటికి అందకపోవచ్చు కనుక, పాలు పొంగించడానికి ఒక ఇండక్షన్ పొయ్యి, దానికి సరిపడే అడుగున్న గిన్నె, అమ్మగారి మందులు, దేవుడి పటం ఒకే సంచిలో సర్ది మీ చేతిలోనే ఉంచుకోండి.