చిన్న క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ రిమైండర్ సాఫ్ట్‌వేర్: ఏం చూసి తీసుకోవాలి?

ప్రశ్న:
మాది చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ అండి, ఇద్దరం థెరపిస్టులం, రిసెప్షన్‌లో ఒక అమ్మాయి. రేపు రావాల్సినవాళ్లందరికీ రోజూ సాయంత్రం కూర్చుని ఫోన్లు చేయడమే ఆ అమ్మాయికి పెద్ద పని. చాలామంది ఎత్తరు, ఎత్తి వస్తామన్నవాళ్లలో కూడా కొందరు రారు, ఆ టైమ్ అలా ఖాళీగా పోతుంది, అవతల ఇంకెవరో నొప్పితో వారమంతా ఎదురుచూస్తుంటారు. అదే నాకు ఎక్కువ బాధ. ఇప్పుడు గూగుల్ క్యాలెండర్ వాడుతున్నాం, దాంట్లోంచి పేషెంట్లకి ఎస్సెమ్మెస్ వెళ్లదు. ఆన్‌లైన్‌లో చూస్తే అన్ని కంపెనీలూ ఒకేలా చెప్తున్నాయి. ఏది చూసి నిర్ణయించుకోవాలి?

జవాబు 1:
ఫీచర్ల లిస్టు పక్కన పెట్టి, పేషెంట్ ఆ మెసేజ్‌కి "రాలేను" అని జవాబిస్తే ఏమవుతుందో ముందు అడగండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు పంపడం వరకే, జవాబు ఎవరికీ చేరదు. మీకు కావాల్సింది, రద్దు చేయగానే క్యాలెండర్‌లో ఆ స్లాట్ ఖాళీ అయ్యి, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకి వెంటనే కబురు వెళ్లేది. అది లేకపోతే ఫోన్ల పని తగ్గుతుందేమో గానీ మీ అసలు బాధ తీరదు. రిమైండర్ ముందు రోజే వెళ్లాలి. రెండు గంటల ముందు ఇంకోటి పంపొచ్చు, కానీ అప్పుడు రానంటే ఆ టైమ్‌కి ఇంకొకర్ని పిలవడం కష్టం.

జవాబు 2:
తెలుగులో ఎస్సెమ్మెస్ పంపాలనుకుంటే ఖర్చు ముందే లెక్క వేసుకోండి, ఇది చాలామంది గమనించరు. మామూలు ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌లో 160 క్యారెక్టర్లు పడతాయి, తెలుగు లిపి అయితే 70 మాత్రమే. దాటితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకి 67 చొప్పున, మీకు బిల్లు ముక్కల లెక్కన వస్తుంది. పైగా వత్తులు, గుణింతాలు కూడా విడిగా లెక్కలోకి వస్తాయి, "స్త్రీ" అనే ఒక్క అక్షరమే 6 క్యారెక్టర్లు. ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉన్నా మొత్తం 70 లెక్కకే మారిపోతుంది. అందుకని పేరు, తేదీ, టైమ్, రద్దుకి ఒక లింకు, అంతే పెట్టండి.

జవాబు 3:
వాట్సాప్ అయితే ఆ పొడవు బాధ ఉండదు. కాకపోతే సాఫ్ట్‌వేర్ ద్వారా ఆటోమేటిక్‌గా పంపే రిమైండర్‌కి టెంప్లేట్, అంటే మెసేజ్ నమూనా, వాట్సాప్ నుంచి ముందే ఆమోదం పొందాలి, పేషెంట్ ఒప్పుకుని ఉండాలి. ఒప్పుకున్నారా లేదా అన్నది ఆ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ అవుతుందో లేదో చూడండి. ఇంకోటి, మెసేజ్‌లో ఏ సమస్యకి వస్తున్నారో దయచేసి రాయొద్దు, ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. పేషెంట్ల లిస్టు మొత్తం ఎప్పుడైనా ఫైల్‌గా దించుకోగలగాలి, రేపు మారాలనుకుంటే అదే మీకు ఆధారం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. వెయిటింగ్ లిస్టు సంగతి ఏ కంపెనీనీ అడగలేదు, రేపు దాంతోనే మొదలుపెడతా. మెసేజ్‌లు చదవని పెద్దవాళ్లు కొందరున్నారు, వాళ్లకేం చేయాలి?

జవాబు 1:
రికార్డు చేసిన వాయిస్ కాల్ చేసేవి ఉన్నాయి గానీ పెద్దవాళ్లు మధ్యలోనే పెట్టేస్తారు. ఆ కొద్దిమందికి మీ రిసెప్షన్ అమ్మాయి ఫోనే మంచిది, మిగతావాళ్ల పని తగ్గుతుంది కాబట్టి ఆమెకి తీరిగ్గా మాట్లాడే టైమ్ దొరుకుతుంది.