బోటు ఇంజన్ నీళ్లు బాగానే చిమ్ముతున్నా ఇంపెల్లర్ ఏటా మార్చాలా?

ఉప్పాడ_ఫైబర్: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లో ఔట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక తగిలించేది) విప్పి ఇంపెల్లర్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) మార్చేద్దామంటున్నాడు మా మెకానిక్. పక్క రంధ్రంలోంచి నీళ్లు ధారగానే వస్తున్నాయి. బాగున్న సామాను పారేయడం దండగని నేనంటాను. మీరేమంటారు?

భీమిలి_మెకానిక్: మార్చాల్సిందేనండి. ధార వస్తోందంటే పంపు నీళ్లు తోస్తోందనే అర్థం, సిలిండర్ చుట్టూ దారులన్నీ శుభ్రంగా ఉన్నాయని కాదు. ఇంజన్ నెలల తరబడి ఆగి ఉంటే రబ్బరు రెక్కలు వంగిన చోటే బిగుసుకుపోతాయి. స్పీడులో తేడా తెలీదు. వల దగ్గర స్లోలో పెట్టినప్పుడే వేడెక్కుతుంది. రెక్క ముక్క తెగిందా, పైకి పోయి థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు) దగ్గర ఇరుక్కుంటుంది. ఆ ముక్క తియ్యకుండా కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గదు.

పూడిమడక_వేట: అన్నా, ఏడాది లెక్క అందరికీ ఒకటే ఎలా అవుతుంది? మావి ఒడ్డుకు లాగే బోట్లు. లోతు లేని చోట ఇంజన్ దించితే పంపు నీళ్లతోపాటు ఇసుకా తాగుతుంది. రెక్కల అంచులే కాదు, అవి రాసుకుంటూ తిరిగే స్టీలు కప్పు, అడుగు ప్లేటు కూడా గీసుకుపోతాయి. గోటితో రాస్తే తగిలేంత గీత ఉంటే రబ్బరొక్కటే మార్చి లాభం లేదు. జెట్టీ దగ్గర లోతు నీళ్లలో నడిపేవాళ్లకు అంత అరుగుదల ఉండదు. ఏటా విప్పి చూడండి, మార్చాలో లేదో చూశాకే తేల్చుకోండి.

భీమిలి_మెకానిక్: విప్పడమే అసలు పని. ఉప్పుకి లెగ్ (ఇంజన్ కింది భాగం) బోల్టులు పట్టేస్తాయి. అంత కష్టపడి విప్పాక పాతదే బిగించడమెందుకు? బిగించేటప్పుడు బోల్టులకు మెరైన్ గ్రీజు రాయడం మాత్రం మర్చిపోవద్దు.

కాకినాడ_డ్రమ్ము: వేట నుంచి వచ్చాక ఇంజన్‌ని మంచినీళ్ల డ్రమ్ములో నడుపుతున్నారా? నా మటుకు ఇంపెల్లర్ కంటే అదే ముఖ్యం. లోపల ఉప్పునీళ్లు ఆరిపోయి గడ్డకడితే ఎంత కొత్త ఇంపెల్లరైనా ఏం చేస్తుంది? డ్రమ్ములో నీళ్లు పంపు మట్టం దాటాలి, ఇంజన్ న్యూట్రల్లో ఉండాలి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషమే కదా అని స్టార్ట్ చేస్తే కొత్త రబ్బరు కూడా కాలిపోతుంది.

ఉప్పాడ_ఫైబర్: విప్పిస్తాను, కప్పు మీద గీతలుంటే ఫొటో పెడతా. మంచినీళ్ల మాటే ఒప్పుకోలేను. మా ఒడ్డున కుళాయి లేదు, రోజూ డ్రమ్ము నింపేదెలా?

కాకినాడ_డ్రమ్ము: రోజూ కొత్త నీళ్లు అక్కర్లేదు తమ్ముడూ. నలుగురు కలిసి ఒక డ్రమ్ము పెట్టుకోండి. నీళ్లు కాస్త ఉప్పెక్కినా సముద్రపు నీళ్లకంటే నయమే. పైన నూనె తెట్టు కడితే మాత్రం పారబోయండి.