‘బలవంతుడ నాకేమని’ పద్యం ఐర్లాండ్‌కు వర్తిస్తుందా?

మారతహళ్లి తమ్ముడు నిన్న మన బెంగళూరు గ్రూపులో అడిగాడు: ఐర్లాండ్ ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా ఉండటాన్ని ఈ సుమతీ పద్యంతో సమర్థించవచ్చా అని. తన డబ్లిన్ టీమ్‌లో దీని మీద పెద్ద వాదనే నడుస్తోందట.

నా మటుకు, కుదరదు తమ్ముడూ. ఆ పద్యం బలవంతుడికి చెప్పిన బుద్ధి. ‘పలువురతో నిగ్రహించి పలుకుట మేలా’ అన్నచోట నిగ్రహించడమంటే ఇప్పుడు మనం అనుకునే ఓర్చుకోవడం కాదు, ఎదిరించి విరోధం పెట్టుకోవడం. పామును చంపినవి గండుచీమలు కూడా కావు, చలిచీమలు. అయితే ‘చీమల చేత’ అన్నాడు కవి, ‘చీమ చేత’ అనలేదు. ఒంటరి చీమ గతి ఏమిటో పద్యంలో లేదు.

అది బెల్జియంను అడగాలి. దాని తటస్థతకు 1839లో యూరప్‌లోని పెద్ద దేశాలన్నీ సంతకాలు పెట్టి హామీ ఇచ్చాయి. వాటిలో, తర్వాత జర్మనీకి మూలమైన ప్రష్యా కూడా ఉంది. 1914 ఆగస్టులో జర్మనీ సైన్యం ఆ దేశం మీదుగానే ఫ్రాన్స్ మీదికి నడిచింది. రష్యాతో దాదాపు 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న ఫిన్లాండ్ ఈ లెక్కంతా చూసుకునే 2023 ఏప్రిల్‌లో నాటో సైనిక కూటమిలో చేరింది.

“అయితే ఐర్లాండ్ కూడా చేరాలంటావా అన్నా?”

అలా అనను. స్విట్జర్లాండ్ ఏ కూటమిలోనూ లేదు, కానీ అక్కడ మగపిల్లలకు సైనిక సేవ తప్పనిసరి, సొంత యుద్ధవిమానాలున్నాయి. ఐర్లాండ్‌కు ఒక్క ఫైటర్ జెట్ కూడా లేదు. చుట్టూ సముద్రం అడుగున అట్లాంటిక్ ఇంటర్నెట్ కేబుళ్లు. మనం డబ్లిన్ వాళ్లతో మాట్లాడే కాల్స్ కూడా అలాంటి తీగల మీదే నడుస్తాయి. వాటిని ఎవరైనా తెంపబోతే ‘మేం తటస్థులం’ అన్న మాట ఆపుతుందా?

నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. పన్నెండు మందికి మించి సైనికులను విదేశాల్లో శాంతి పనికి పంపాలంటే ఐర్లాండ్ ప్రభుత్వం, పార్లమెంటుతో పాటు ఐక్యరాజ్యసమితి అనుమతీ కావాలి. భద్రతా మండలిలో రష్యా, చైనా, అమెరికా ఎవరు వీటో చేసినా అంతే సంగతులు. ఎవరి పక్కా చేరబోనని పట్టుబట్టే దేశం తన నిర్ణయానికి తాళంచెవిని ఆ బలవంతుల చేతికే ఇచ్చింది! ఆ నిబంధన తీసేస్తామని ప్రభుత్వం అంటే తటస్థత పోతుందని అక్కడ చాలామంది భయపడుతున్నారు. నేనైతే ముందు దాన్నే తీసేయాలంటాను. నాటో సంగతి తర్వాత.