లేబులింగ్ సిద్ధాంతానికి నేరస్థ తెగల చట్టం సరైన ఉదాహరణేనా?

ఆప్షనల్_సోషియాలజీ:
10 మార్కుల జవాబు, 150 పదాలు. సమాజం వేసే ముద్రే మనిషిని నేరస్థుడిగా మలుస్తుందనే లేబులింగ్ సిద్ధాంతానికి, కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులుగా ప్రకటించిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం, మన దగ్గర స్టూవర్టుపురం ఉదాహరణగా రాద్దామనుకుంటున్నాను. "దొంగ ముద్ర వేశారు, అందుకే దొంగలయ్యారు" అంటే సరిపోతుందా? సామాజికవేత్త లెమర్ట్ చెప్పిన ప్రాథమిక, ద్వితీయ విచలనం (నియమం తప్పడం) దీనికి ఎలా అన్వయించాలి?

కృష్ణాతీరం:
సరిపోదండీ. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. లెమర్ట్ (1951) క్రమంలో ముందు ఒక చిన్న తప్పు ఉంటుంది (ప్రాథమిక విచలనం), దానికి సమాజం స్పందిస్తుంది, ఆ తర్వాత మనిషి ఆ ముద్ర చుట్టూ తన బతుకును అమర్చుకుంటాడు. ఈ మూడో దశే ద్వితీయ విచలనం. నేరస్థ తెగల చట్టంలో ఆ మొదటి మెట్టే లేదు. తెగను నోటిఫై చేశాక, అందులో పుట్టినవాడు ఏ నేరమూ చేయకపోయినా రిజిస్టరులోకి ఎక్కవచ్చు.

అందుకని ఇదే సిద్ధాంతానికి చెందిన బెకర్ (1963) పట్టికతో మొదలుపెట్టండి. నియమం తప్పాడా లేదా, తప్పాడని జనం అనుకున్నారా లేదా అనే రెండు ప్రశ్నలతో నాలుగు గళ్లు వస్తాయి. రిజిస్టరైన వాళ్లలో చాలామంది తప్పు చేయకుండానే నింద మోసిన గడిలో పడతారు. ఆ తర్వాత 'ప్రధాన హోదా' తీసుకోండి: రైతయినా కూలీ అయినా పోలీసు కంటికి ముందు కనిపించేది తెగ పేరే.

అసలు బలమైన పాయింటు వేరే ఉంది. 1911 సవరణతో చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. హాజరుకు రాకపోతే అదే నేరం! దొంగతనం లేకుండానే శిక్ష పడిన మనిషి తయారవుతాడు, ఆ శిక్షే మళ్లీ ముద్రకు సాక్ష్యమవుతుంది. ఈ రెండు వాక్యాలు రాస్తే మిగతాది క్లుప్తంగా ఉన్నా నడుస్తుంది.

రాత్రిబడి:
పైదానికి ఒక చేర్పు. విమర్శ లేకుండా వదలొద్దు. మొదటి తప్పు ఎందుకు జరిగిందో ఈ సిద్ధాంతం చెప్పదు. ఈ చట్టం కిందికి వచ్చిన ఎరుకలవాళ్లు పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసుకెళ్లి లోపలి ఊళ్లలో అమ్మేవారు. రైళ్లొచ్చాక, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక ఆ వ్యాపారం దెబ్బతింది. ఇది, సరైన దారులు మూసుకుపోతే మనిషి తప్పుదారి పడతాడన్న మెర్టన్ (1938) వైపు లాగే కారణం. ఒక్క వాక్యం చాలు. స్టూవర్టుపురం గురించి కూడా అంతే: సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఈ తెగలవాళ్ల కోసం నడిపిన సెటిల్మెంటు అంటే చాలు, ఊరి చరిత్రంతా అక్కర్లేదు.

ఆప్షనల్_సోషియాలజీ:
మరి 1952లో చట్టం రద్దయింది కదా, ముద్ర కూడా పోయినట్టేనా?

కృష్ణాతీరం:
కాగితం మీద విముక్త జాతులయ్యారు. కానీ మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. తేడా గమనించండి: పాత చట్టం తెగను చూసింది, కొత్తది వ్యక్తికి పడిన శిక్షలను లెక్కపెట్టాలి. ఆచరణలో ఈ గీత చెరిగిపోతూ వచ్చింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష మీద ఇచ్చిన తీర్పులో, జైలు మాన్యువళ్లలోని 'అలవాటు నేరస్థుడు' అనే మాటకు ఆయా రాష్ట్ర చట్టం ఇచ్చిన నిర్వచనమే వర్తించాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ జైలు నిబంధనలు కూడా అక్కడ చర్చకొచ్చాయి. జవాబు చివర ఇది పెట్టండి, "నేటికీ ప్రాసంగికత ఉంది" లాంటి వాక్యం కొట్టేయండి.