అప్‌డేట్: టీవీకి సర్వర్ దొరికింది, చిక్కంతా పైఅంతస్తు రౌటర్ దగ్గరే

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో కింద డెస్క్‌టాప్‌లో జెల్లీఫిన్ (మన సినిమాలు, పాటలు ఇంట్లోని టీవీలకి, ఫోన్లకి పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్), డీఎల్‌ఎన్‌ఏ (టీవీలు అలాంటి సర్వర్లని తమంతట తామే కనుక్కునే పద్ధతి) ప్లగిన్‌తో సహా నడుస్తున్నా, పైన టీవీకి అది కనపడట్లేదని, ఫోన్‌కేమో ఒక్కోసారి దొరుకుతోందని అడిగాను కదా, తేలిపోయింది. ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్లు) పక్కపక్కన పెట్టి చూడమన్నవాళ్లకి నిజంగా థాంక్స్. సర్వర్‌ది 192.168.1.20, టీవీది 192.168.0.105. చుక్కల మధ్య మూడో సంఖ్య ఒకదాంట్లో 1, ఇంకోదాంట్లో 0, అంటే పైన ఉన్న రెండో రౌటర్ తన సొంత నెట్‌వర్క్ నడుపుతోంది. టీవీ "సర్వర్లు ఎవరైనా ఉన్నారా" అని 239.255.255.250 అడ్రస్‌కి, యూడీపీ 1900 పోర్టులో మల్టీకాస్ట్ (నెట్‌వర్క్‌లో వినేవాళ్లందరికీ ఒకేసారి వేసే కేక) పంపుతుంది, మామూలు ఇంటి రౌటర్ ఆ కేకను అవతలి నెట్‌వర్క్‌కి దాటనివ్వదు. ఫోన్ కింది వైఫైకి మారినప్పుడే దొరికేదన్నమాట! టీవీలో బ్రౌజర్ తెరిచి సర్వర్ అడ్రస్ చేత్తో కొడితే పాత సెటప్‌లోనూ వచ్చింది, పైగా కింది వైఫైలో ఫోన్‌కి దొరికింది కూడా, కాబట్టి ఫైర్‌వాల్‌ని (కంప్యూటర్‌లోకి వచ్చే కనెక్షన్లని అడ్డుకునేది) అనుమానించక్కర్లేదు.

రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ లేకుండా కింది రౌటర్ నెట్‌వర్క్‌నే పైన అందించేలా) మార్చాను, దాని డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీ అడ్రసులు పంచే పని) ఆగిపోయింది. టీవీ ఆపి ఆన్ చేయగానే 192.168.1.34 తీసుకుంది, సోర్స్ లిస్టులో సర్వర్ పేరు వచ్చేసింది. ఇదే తిప్పలు పడుతున్నవాళ్లు ఇంకే సెట్టింగూ ముట్టుకోకముందు రెండు ఐపీ అడ్రసుల్లోనూ ఆ మూడో సంఖ్య ఒకేలా ఉందా లేదా చూడండి. గెస్ట్ వైఫైలో ఉన్న పరికరాలకి మాత్రం ఇప్పటికీ కనపడదు, అది అలాగే ఉంచేస్తున్నాను.