క్యాన్సర్ కణంలో మైటోకాండ్రియా నిజంగా పాడైపోయిందా?

అన్వేషి:
ఆక్సిజన్ దండిగా ఉన్నా క్యాన్సర్ కణం గ్లూకోజ్‌ని లాక్టేట్‌గా (లాక్టిక్ ఆమ్లపు రూపం) మార్చి బయటికి వదిలేస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే చూపించాడు. అలా చేస్తే ఒక గ్లూకోజ్ అణువుకి దక్కేది 2 ఏటీపీలే (కణం ఖర్చు చేసుకునే శక్తి అణువులు). ఆక్సిజన్‌తో ఇంధనాన్ని పూర్తిగా మండించే (అంటే శ్వాసక్రియ జరిపే) కణభాగం మైటోకాండ్రియా దాకా వెళ్తే 30 వరకు వస్తాయి. అంత నష్టానికి కణం ఊరికే ఒప్పుకోదు కదా. శ్వాసక్రియ దెబ్బతినడమే క్యాన్సర్‌కి మూలమని 1956లో ఆయన రాసింది సబబేనని నా వాదన.

కణదర్శిని:
అన్వేషి గారూ, వార్‌బర్గ్ చూసింది నిజం, చెప్పిన కారణంతోనే పేచీ. కణితుల్లో శ్వాసక్రియ బాగానే నడుస్తోందని అదే ఏడాది అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త సిడ్నీ వైన్‌హౌస్ అభ్యంతరం చెప్పాడు.

మీరు ఏటీపీ లెక్క ఒక్కటే చూస్తున్నారు. రెండుగా చీలే కణానికి ఇంకో కణానికి సరిపడా డీఎన్ఏ, కొవ్వు పొరలు, ప్రోటీన్లు కావాలి. గ్లూకోజ్‌లో కొంత మధ్యదారిలోనే పక్కకి మళ్లి రైబోజ్ (డీఎన్ఏ తయారీకి కావాల్సిన చక్కెర), ఎన్ఏడీపీహెచ్ (కొవ్వుల తయారీకి తోడ్పడే అణువు) తయారీకి పోతుంది, ఇంకొంత సెరీన్ అనే అమైనో ఆమ్లం అవుతుంది. ఇదంతా పైనుంచి వచ్చే ఆదేశాలతో నడిచే వ్యవహారం. కణం పెరుగుదలను నడిపే ఏకేటీ అనే ప్రోటీన్ ఇచ్చే సంకేతం గ్లూకోజ్ రవాణా ప్రోటీన్లను కణపొర మీదికి చేరుస్తుంది. జన్యువుల్ని నడిపే హెచ్ఐఎఫ్-1 అనే ప్రోటీన్, పీడీకే1 అనే ఎంజైముని పెంచుతుంది. ఆ పీడీకే1, గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్‌ని మైటోకాండ్రియాలో ముందుకు నడిపే ఎంజైము పైరువేట్ డీహైడ్రోజినేజ్‌ని అణచడంతో పైరువేట్ లాక్టేట్ వైపు మళ్లుతుంది. తలుపు విరిగిపోలేదు, గడియ పెట్టారంతే. క్రిమి కనబడగానే వేగంగా పెరిగే లింఫోసైట్లూ (రోగనిరోధక తెల్ల కణాలు) ఇలాగే లాక్టేట్ వదులుతాయి. వాటి మైటోకాండ్రియా చెడిందని ఎవరైనా అంటారా?

అన్వేషి:
మరి ఎస్‌డీహెచ్, ఎఫ్‌హెచ్ అనే ఎంజైముల జన్యువుల్లో మ్యుటేషన్లతో (మార్పులతో) వచ్చే కణితుల సంగతేంటండీ? అవి మైటోకాండ్రియా ఎంజైములేగా!

కణదర్శిని:
అవును, అక్కడ లోపం మైటోకాండ్రియాలోనే ఉంది. కానీ కణాన్ని దారి తప్పించేది ఏటీపీ కొరత కాదు. ఆ ఎంజైములు పనిచేయక పేరుకుపోయిన సక్సినేట్, ఫ్యూమరేట్ అనే పదార్థాలు హెచ్ఐఎఫ్‌ని విచ్ఛిన్నం కానివ్వవు, జన్యువుల పనిని అదుపు చేసే, డీఎన్ఏ మీది మిథైల్ గుర్తుల్ని తీసే ఎంజైములకీ అడ్డుపడతాయి. పైగా అవి అరుదైన కణితులు. ఇంకో మాట. మైటోకాండ్రియా డీఎన్ఏ తీసేసిన క్యాన్సర్ కణాల్ని ఎలుకల్లో పెడితే, ఆ ఎలుక కణాల నుంచి మైటోకాండ్రియా డీఎన్ఏ తెచ్చుకుని శ్వాసక్రియను తిరిగి రాబట్టుకున్నాయని 2015లో తేలింది. అక్కర్లేనిదైతే ఎందుకు తెచ్చుకుంటాయి చెప్పండి?

కొత్త సభ్యురాలు:
నాదొక చిన్న సందేహం. చక్కెర పూర్తిగా మానేస్తే కణితి ఆగుతుందా? మా ఇంట్లో ఇదే టెన్షన్.

కణదర్శిని:
ఆగదమ్మా. చక్కెర మానేసినా కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలో మట్టం పడిపోకుండా చూస్తుంది. కణితి గ్లుటమిన్ (ఒక అమైనో ఆమ్లం), కొవ్వు ఆమ్లాలు కూడా వాడుకుంటుంది. చికిత్స మధ్యలో బరువు పడిపోతే అది వేరే ప్రమాదం. తిండి తగ్గించే ముందు మీ ఆంకాలజిస్టుని తప్పకుండా అడగండి.